కారే బ్రేకేసింది... కాగితంలో మాత్రం ‘జనరల్ చెకప్’!

కిందటి డిసెంబరులో ఒక మధ్యాహ్నం. గుడివాడలో పెళ్లి భోజనం చేసి మా బాబాయి, పిన్ని ముదినేపల్లి తిరిగొస్తున్నారు. కారు కొని అప్పటికి నాలుగు నెలలు కూడా కాలేదు. ఎండ బాగానే ఉంది, పొగమంచు లేదు. కోతలైపోయిన వాళ్లు ఎప్పట్లాగే రోడ్డు వారగా వడ్లు ఆరబోసుకున్నారు. కుప్పల మీద నీలం పట్టాలు కప్పి ఉన్నాయి. బాబాయి అరవై స్పీడులో వస్తున్నాడు. ముందు ఏ బండీ లేదు.

ఉన్నట్టుండి స్క్రీన్ మీద ఎర్ర గుర్తు వెలిగింది. చెవులు చిల్లులు పడేలా శబ్దం. ఆ వెంటనే కారు దానంతటదే గట్టిగా బ్రేకేసుకుంది. పిన్ని ఒళ్లోని స్వీటు డబ్బా ఎగిరి డాష్‌బోర్డుకి కొట్టుకుంది. వెనకాల చేపల లారీ వస్తోంది. ఆ డ్రైవరు ఎలా ఆపాడో గానీ, మా డిక్కీకీ లారీ బంపరుకీ మధ్య మూరెడు జాగా కూడా లేదట.

అతను దిగొచ్చి తిట్టాల్సినవన్నీ తిట్టాడు. “ఖాళీ రోడ్డు మీద బ్రేకేంటయ్యా?” అంటే బాబాయి దగ్గర జవాబు లేదు. “నేను వెయ్యలేదయ్యా, కారేసింది” అంటే ఎవరు నమ్ముతారు?

ఆ రాత్రి హైదరాబాద్‌లో ఉన్న నాకు ఫోనొచ్చింది. “ఒరే అబ్బాయ్, నువ్వు కంప్యూటర్లోడివి కదా. కారు బుర్రలో కూడా కంప్యూటరే అంటున్నారు. ఏమైందో చెప్పు” అన్నాడు బాబాయి. ఆయన ప్రశ్నకి జవాబు వెతకబోయి నేను నేర్చుకున్నదే ఈ వ్యాసం.

“స్కానర్‌లో ఏమీ లేదు సార్”

మర్నాడే కారు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లారు. గంటన్నర తర్వాత అక్కడి కుర్రాడు చిరునవ్వుతో తాళాలు ఇచ్చాడు. “స్కానర్ పెట్టి చూశాం సార్. ఎర్రర్ కోడ్ ఏమీ లేదు. బండి పర్ఫెక్ట్‌గా ఉంది.” పది రోజుల తర్వాత కైకలూరు రోడ్డులో మళ్లీ అదే జరిగింది. మళ్లీ వెళ్లారు. మళ్లీ అదే మాట.

నాకు ఆ మాట ఎక్కడో విన్నట్టే అనిపించింది. సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో మేం రోజూ వాడేదే! కస్టమర్ “ప్రోగ్రామ్ ఆగిపోయింది” అని గోల పెడితే, మేం మా కంప్యూటర్‌లో ఒకసారి నడిపి చూసి “మా దగ్గర బాగానే పనిచేస్తోందండీ” అంటాం. అప్పుడప్పుడూ మాత్రమే కనిపించే బగ్ అన్నిటికన్నా చెడ్డది. అడిగినప్పుడు కనిపించదు. కనిపించలేదు కాబట్టి లేదనుకోవడం మాత్రం తప్పు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఆ రెండు సార్ల జాబ్ కార్డులూ తీసి చూశాను. ‘కస్టమర్ ఫిర్యాదు’ అనే గడిలో ఏం రాశారో తెలుసా? ‘జనరల్ చెకప్’. రెండిట్లోనూ అంతే. ప్రాణం మీదికి వచ్చిన సంగతి కాగితం మీద ఎక్కడా లేదు. రేపు ఏ గడప ఎక్కినా మా దగ్గరున్న సాక్ష్యం ప్రకారం, మా బాబాయి కొత్త కారుని ముచ్చటపడి రెండుసార్లు చెకప్‌కి తీసుకెళ్లాడు. అంతే!

పరిమితి వేరు, లోపం వేరు

అసలు కారు ఎందుకలా చేస్తుంది? ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్ ఉన్న కార్లలో సాధారణంగా అద్దం వెనక ఒక కెమెరా, ముందు బంపరులోనో కంపెనీ గుర్తు వెనకో ఒక రాడార్ ఉంటాయి. ఆ రెండూ చెప్పింది విని కంప్యూటర్ ‘ముందు అడ్డం ఉంది, డ్రైవరు తొక్కట్లేదు’ అనుకుంటే తనే బ్రేకేస్తుంది. సమయానికి పనిచేస్తే ప్రాణం కాపాడుతుంది. లేనిదాన్ని ఉందనుకుంటే మాత్రం వెనకాల వచ్చేవాడి చేతిలో మన ప్రాణం పెడుతుంది.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. 2022 ఫిబ్రవరిలో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఇలాంటి ‘ఉత్తుత్తి బ్రేకుల’ మీద టెస్లా కార్లపై విచారణ మొదలుపెట్టింది. దాని పరిధిలోకి వచ్చిన కార్లు సుమారు 4 లక్షల 16 వేలు. వాటి మీద అప్పటికి అందిన ఫిర్యాదులు 354. ఒక్కొక్కరూ ‘నా ఒక్కడికే ఇలా జరిగింది కాబోలు’ అనుకుని ఊరుకుంటే ఆ విచారణ ఉండేదే కాదు.

అయితే జరిగినదంతా లోపమే అనడానికీ లేదు. జోరువాన, కొల్లేటి పొగమంచు, కెమెరా ముందు అద్దానికి అంటిన బురద, రోడ్డు మీద చెరిగిపోయిన గీతలు... వీటిలో ఈ సిస్టమ్ తడబడవచ్చని కారుతో ఇచ్చే పుస్తకంలోనే రాస్తారు. ఎయిర్‌బ్యాగ్ సంగతీ అంతే. వెనక నుంచి గుద్దితే, చిన్న దెబ్బ తగిలితే ముందరి ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోవడం మామూలే. కాబట్టి మొదట చేయాల్సింది ఆ పుస్తకం తీసి సంబంధించిన నాలుగు పేజీలూ చదవడం. ఎండలో, ఖాళీ రోడ్డు మీద, శుభ్రమైన అద్దంతో కూడా మళ్లీ మళ్లీ జరుగుతుంటే అప్పుడది పరిమితి కాదు, లోపమేమోనని గట్టిగా అడగాల్సిందే.

చట్టం ఏమంటోంది?

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ‘లోపం’ అంటే వస్తువు విరిగిపోవడమే కాదు. చట్టం ప్రకారం గానీ, ఒప్పందం ప్రకారం గానీ, అమ్మినవాళ్లు చెప్పుకున్న దాని ప్రకారం గానీ ఉండాల్సిన నాణ్యత లేకపోయినా అది లోపమే. కారు కొనేటప్పుడు ఇచ్చిన రంగుల కరపత్రం అందుకే పారేయకూడదు. ‘ప్రమాదాన్ని ముందే పసిగడుతుంది’ అని అందులో అచ్చేసిన మాటకి కంపెనీ జవాబుదారీ.

ఇదే చట్టంలో ‘ఉత్పత్తి బాధ్యత’ అని కొత్తగా ఒక అధ్యాయం చేర్చారు. తయారీలో లోపం ఉన్నా, డిజైన్‌లో లోపం ఉన్నా, ప్రమాదం జరగకుండా తగిన హెచ్చరికలు, సూచనలు ఇవ్వకపోయినా కంపెనీని పరిహారం అడగొచ్చు. ఒక మెలిక మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ అధ్యాయం కింద అడగగలిగేది ఆ వస్తువు వల్ల మనిషికి తగిలిన గాయాలకి, జరిగిన ప్రాణనష్టానికి, వేరే ఆస్తికి కలిగిన నష్టానికి. కారే పాడైంది, బాగుచేయండి, మార్చండి, డబ్బు తిరిగివ్వండి అనాలంటే ‘లోపమున్న వస్తువు’ అంటూ మామూలు ఫిర్యాదు వేయాలి.

భౌతికశాస్త్రం మనకెందుకు?

ఎయిర్‌బ్యాగ్ విషయంలో సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్ 20న ఇచ్చిన తీర్పు ప్రతి కారు యజమానీ తెలుసుకోవాల్సినది. ఢిల్లీకి చెందిన ఒకాయన 2015 ఆగస్టులో హ్యుందాయ్ క్రెటా కొన్నారు. 2017 నవంబరులో ఢిల్లీ-పానిపట్ హైవే మీద ప్రమాదం జరిగింది. కారు ముందుభాగం నుజ్జయింది. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. ఆయన తలకి, ఛాతీకి, పళ్లకి దెబ్బలు తగిలాయి.

ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాలంటే ముందు నుంచి తగినంత బలంతో దెబ్బ తగలాలని కంపెనీ వాదించింది. దెబ్బ వేగం, బలం లెక్కగట్టి చూసుకోవడానికి వినియోగదారుడేమీ భౌతికశాస్త్ర నిపుణుడు కాదని కోర్టు తేల్చేసింది. ఎయిర్‌బ్యాగులున్న కారు కొన్నవాడు, ముందు నుంచి గట్టిగా గుద్దుకుంటే అవి తెరుచుకుంటాయనే కదా నమ్ముతాడు! కారు ఎంత దెబ్బతిన్నదో ఫొటోలే చెబుతున్నాయి. 3 లక్షల రూపాయల పరిహారం, కారు మార్పిడి అంటూ ఢిల్లీ రాష్ట్ర కమిషన్ ఇచ్చి, జాతీయ కమిషన్ ఖాయం చేసిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు కూడా నిలబెట్టింది. భద్రతకి సంబంధించిన ఇలాంటి వైఫల్యాలకి, మిగతా కంపెనీలు కూడా జాగ్రత్తపడేలా శిక్షగా నష్టపరిహారం వేయాలనీ, దాన్ని కంపెనీ స్థోమతని బట్టి కూడా లెక్కగట్టవచ్చనీ చెప్పింది.

ఇందులో నాకు బాగా పట్టిన మాట ‘ఫొటోలు’. ఆ నుజ్జయిన కారు ఫొటోలు లేకపోతే ఆ కేసు ఏమయ్యేదో!

ప్రతిసారీ కొత్త కారు రాదు

అలాగని స్క్రీన్ మీద ఓ లైటు వెలగగానే కొత్త కారు ఇచ్చేస్తారనుకుంటే పొరపాటే. 2006లో మారుతి కేసులో సుప్రీంకోర్టు, వారంటీలో పాడైన భాగాన్ని బాగుచేయడం లేదా మార్చడం అని ఉంటే కంపెనీ బాధ్యత అంతవరకేనని చెప్పింది. కారు మొత్తం మార్చాలంటే లోపం అంత పెద్దదని, బాగుచేసినా పోవట్లేదని చూపించాలి. కమిషన్లు ఎక్కువగా అడిగేది నిపుణుడి నివేదిక. పరీక్ష చేయకుండా తేలని లోపమైతే వస్తువుని ప్రయోగశాలకి పంపే అధికారం జిల్లా కమిషన్‌కి ఉంది. ఫిర్యాదులోనే ‘పరీక్ష చేయించండి’ అని అడగడం మేలు.

మన హైదరాబాద్ కేసు ఒకటి ఉంది. ఓ సంస్థ 2009 సెప్టెంబరు 25న బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు కొంది. నాలుగు రోజులకే ఇబ్బంది బయటపడింది. నవంబరులో మళ్లీ అదే. వ్యవహారం పోలీసు కేసుగా మారింది. 2012లో హైకోర్టు ఆ కేసు కొట్టేస్తూ, కొత్త కారు ఇవ్వమని కంపెనీకి చెప్పింది. దాని మీద అప్పీలు సుప్రీంకోర్టుకి చేరింది. చివరికి 2024 జులై 10న సుప్రీంకోర్టు కొత్త కారు ఆదేశాన్ని పక్కనపెట్టి, అన్నిటికీ కలిపి 50 లక్షల రూపాయలు చెల్లించమంది. కారు కొన్న నాటి నుంచి చూస్తే దాదాపు పదిహేనేళ్లు! కోపంలో పోలీస్ స్టేషన్‌కి వెళ్లే ముందు ఈ లెక్క ఒకసారి గుర్తుచేసుకోవాలి. మోసం వేరు, లోపం వేరు. లోపానికి దారి వినియోగదారుల కమిషన్.

చెరువు నీళ్ల సూత్రం

సంక్రాంతి సెలవుల్లో ఇదంతా బాబాయికి చెబుతుంటే ఆయన మధ్యలో ఆపి ఒక మాటన్నాడు. “చెరువులో చేప తేలిందనుకో, మనమేం చేస్తాం? ఆ పూటే నీళ్లు సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపుతాం. మర్నాడు పడితే అవి వేరే నీళ్లు. ఇదీ అంతేగా?”

అంతే! ముప్ఫై ఏళ్లుగా చేపల చెరువులు చేస్తున్న మనిషికి నా ఇంజనీరింగ్ డిగ్రీ కొత్తగా నేర్పిందేమీ లేదు. నీళ్లు ఎప్పుడెప్పుడు ఎలా పట్టాలో చెబితే చాలు.

అదే రోజు: బండి భద్రంగా పక్కకి ఆపాక స్క్రీన్ మీద హెచ్చరిక ఇంకా ఉంటే ఫొటో తీయండి. తేదీ, టైము, చోటు, కిలోమీటర్ల రీడింగు, స్పీడు, వాతావరణం, రోడ్డు ఎలా ఉంది... అన్నీ ఫోన్‌లో రాసుకోండి. డాష్‌క్యామ్ ఉంటే ఆ మెమరీ కార్డు తీసి పక్కన పెట్టి వేరేది వేయండి. పాత వీడియో మీద కొత్తది ఎక్కేస్తుంది మరి. సాక్షులుంటే ఫోన్ నంబరు తీసుకోండి. మా లారీ డ్రైవరు తిట్టాడే గానీ, అతని కన్నా మంచి సాక్షి మాకెవరున్నారు?

సర్వీస్ సెంటర్‌లో: జాబ్ కార్డులో ‘జనరల్ చెకప్’ అని రాస్తే సంతకం పెట్టకండి. ‘ఫలానా తేదీన, ఖాళీ రోడ్డు మీద, బ్రేకు దానంతటదే పడింది’ అని మీ మాటల్లోనే రాయించండి. రాయనంటే అక్కడే నిలబడి అదే మాటని కంపెనీ కస్టమర్ కేర్‌కి ఈమెయిల్ చేయండి. కారు తీసుకునేటప్పుడు ఏం చూశారో, ఏం మార్చారో, ఏ సాఫ్ట్‌వేర్ వేశారో రాసి ఇమ్మనండి. స్కానర్ రిపోర్టు కాపీ అడగండి.

ప్రమాదం జరిగితే: చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరే ప్రమాదానికి ముందరి కొద్ది సెకన్ల స్పీడు, బ్రేకు, సీటు బెల్టు వివరాలు దాచుకుంటుంది. ఆ డేటా భద్రపరచమనీ, తీసి కాపీ ఇవ్వమనీ కంపెనీకి రాతపూర్వకంగా అడగండి. అది తేలేదాకా, ఇన్సూరెన్స్ సర్వేయరు చూసేదాకా రిపేరు మొదలుపెట్టనివ్వకండి. అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయించండి.

మన వైపు తప్పు లేకుండా

డెల్టాలో కొత్త కారు కొనగానే చాలామంది చేసే మొదటి పని ముందు ఇనుప గార్డు బిగించడం. గేదెలు అడ్డొస్తాయని మన భయం. కానీ ఆ గార్డు ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లకి తగలాల్సిన దెబ్బ తీరునే మార్చేస్తుంది. వాటిని అనుమతించవద్దని, బిగించినవాళ్లపై చర్య తీసుకోమని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకి రాసింది. సీటు పక్కన ఎయిర్‌బ్యాగులున్న కార్లకి మందపాటి సీటు కవర్లు కుట్టిస్తే అవి తెరుచుకోవడానికి దారి ఉండదు. బయట అద్దం మార్పించి కెమెరాని మళ్లీ సరిచేయించకపోతే అది వంకరగా చూస్తుంది. వస్తువుని మనమే మార్చేస్తే బాధ్యత తప్పించుకునే వీలు చట్టం ఎదుటివాళ్లకి ఇస్తుంది. గార్డు కనబడిందంటే చాలు, అవతలి లాయరు మొదటి ప్రశ్న దాని గురించే అడుగుతాడు.

ఇంకోటి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కొద్ది సెకన్లలో ఆరిపోవాలి. ఆరకుండా ఉంటే సిస్టమ్‌లో తేడా ఉన్నట్టే. ఆ లైటుని ‘తర్వాత చూద్దాంలే’ అని నెలల తరబడి వదిలేయకండి.

ఎక్కడికి వెళ్లాలి?

డీలరు దగ్గర తేలకపోతే కంపెనీకి, అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడొచ్చు. కొన్ని గొడవలు అక్కడే సర్దుకుంటాయి. లేదంటే లాయరు నోటీసు, ఆ తర్వాత జిల్లా కమిషన్.

వస్తువుకి మీరు చెల్లించిన ధర 50 లక్షల దాకా అయితే జిల్లా కమిషన్ చాలు. డీలరు విజయవాడలో ఉన్నా, కంపెనీ ఆఫీసు ఏ చెన్నైలోనో ఉన్నా మీరు ఉంటున్న జిల్లాలోనే వేసుకునే హక్కు ఈ చట్టం ఇచ్చింది. ఫీజు 5 లక్షల దాకా లేదు. 10 లక్షల దాకా 200, 20 లక్షల దాకా 400, 50 లక్షల దాకా 1,000 రూపాయలు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే దాఖలు చేయొచ్చు. డీలరునీ కంపెనీనీ ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి. లేకపోతే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. నిజానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది, ఓపిక ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం గడువు. సమస్య మొదలైన నాటి నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి. ‘వచ్చే సర్వీసుకి చూద్దాం సార్’ అంటూ డీలరు తిప్పే ప్రతి నెలా ఈ రెండేళ్లలోంచే పోతుంది.

ఇక మీ ఒక్కరి కారుతో ఆగని దారి ఒకటుంది. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న రీకాల్ నిబంధనల ప్రకారం, ఏడేళ్లలోపు వాహనాల్లో భద్రతా లోపం గురించి యజమానులు కేంద్ర రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఒకే మోడల్ మీద, అమ్మకాలని బట్టి నిర్ణయించినన్ని ఫిర్యాదులు చేరితే ప్రభుత్వం విచారణ జరిపి ఆ కార్లన్నిటినీ వెనక్కి పిలిపించగలదు. కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పడొచ్చు. దీనివల్ల మీ జేబులోకి పైసా రాదు. కానీ మీ ఫిర్యాదుతో ఏ ఆకివీడులోనో, ఏ తాడేపల్లిగూడెంలోనో మరొకరి వెనక లారీ ఆగలేకపోయే రోజు తప్పిపోవచ్చు.

మా కారు ఏమైంది?

మూడోసారి బాబాయితో నేనూ వెళ్లాను. జాబ్ కార్డులో మా మాటలే రాయించాం. రాయడానికి ముందు వెనకాడారు, ఈమెయిల్ మొదలుపెట్టేసరికి రాశారు. అప్పుడే కొన్న డాష్‌క్యామ్‌లో దొరికిన పన్నెండు సెకన్ల వీడియో పంపించాం. వారం తిరక్కుండా కంపెనీ ఇంజనీరు వచ్చాడు. కెమెరా మార్చారు, సాఫ్ట్‌వేర్ కొత్తది వేశారు. ‘ముందు జాగ్రత్తగా మార్చాం’ అని రాశారే తప్ప లోపం ఉందని ఒప్పుకోలేదు. ఎందుకు మార్చారో చెప్పమని మేం రాసిన మెయిల్‌కి ఇంకా జవాబు రాలేదు.

ఆ తర్వాత బ్రేకు దానంతటదే పడలేదు. అయినా వడ్ల కుప్ప కనిపిస్తే చాలు, బాబాయి కళ్లు ముందు వెనక అద్దంలోకే వెళ్తున్నాయి. “కొత్త కారు వద్దురా, పోయిన నమ్మకం ఎవడిస్తాడు?” అంటాడు.

చెరువు లీజు కాగితాలు దాచుకునే ప్లాస్టిక్ కవరులోనే ఇప్పుడు మూడు జాబ్ కార్డులు, మెయిళ్ల ప్రింట్లు, ఒక మెమరీ కార్డు ఉన్నాయి. కవరు మీద పిన్ని స్కెచ్ పెన్నుతో ఒక తేదీ రాసిపెట్టింది. మొదటిసారి బ్రేకు పడిన రోజుకి సరిగ్గా రెండేళ్ల తర్వాతి తేదీ అది.